నేను మార్క్ పక్షాన నిలబడ్డాను

'పీప్ షో' చూసినవాళ్ళు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: నువ్వు మార్క్‌వా, జెరెమీవా? చాలా ఏళ్ళపాటు నేను తడుముకోకుండా మార్క్‌నని చెప్పాను. అలా చెప్పుకోవడం గౌరవమనుకున్నాను కూడా. ఆ జవాబు వెనక ఎంత తెలివితక్కువతనం ఉందో, దాని వల్ల ఒక మంచి మనిషిని ఎలా బాధపెట్టానో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆ కామెడీ సంగతి. బ్రిటన్‌లో ఛానెల్ 4లో 2003 సెప్టెంబరులో మొదలై 2015 డిసెంబరులో ముగిసింది. తొమ్మిది సిరీస్‌లు, మొత్తం 54 ఎపిసోడ్లు. రాసింది ముఖ్యంగా జెస్సీ ఆర్మ్‌స్ట్రాంగ్, శామ్ బెయిన్. 'సక్సెషన్' సిరీస్‌తో తరవాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆర్మ్‌స్ట్రాంగే ఈయన. లండన్‌కి దక్షిణాన క్రాయిడన్‌లో ఒక ఫ్లాటు, అందులో ఇద్దరు. మార్క్ కారిగన్‌గా డేవిడ్ మిచెల్ వేశాడు. అప్పులిచ్చే కంపెనీలో ఉద్యోగం, మడత నలగని చొక్కా, యుద్ధాల చరిత్ర అంటే ప్రాణం. ఫ్లాటు అతనిదే. జెరెమీ అస్‌బోర్న్‌గా రాబర్ట్ వెబ్. కాలేజీ నాటి స్నేహితుడు. సంగీతకారుణ్ణని చెప్పుకుంటాడు గాని చేతిలో పని ఉండదు. అద్దె సరిగా ఇవ్వడు, ఇల్లు విడిచి పోడు.

పొత్తు కుదరని ఇద్దరిని ఒక కప్పు కింద పెట్టి నవ్వించడం కొత్త ఉపాయమేమీ కాదు. నీల్ సైమన్ రాసిన 'ది ఆడ్ కపుల్' నాటకం 1965లోనే న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఆడింది. అందులో ఒకడికి శుభ్రం పిచ్చి, రెండోవాడికి ఏదీ పట్టదు. ఆ తరవాత వచ్చిన రూమ్మేట్ల కామెడీలు చాలావరకు ఆ దారినే నడిచాయి. 'పీప్ షో'లో కొత్తదనం కెమెరాది. పాత్ర కంటికి ఏది కనిపిస్తే అదే మనకూ కనిపిస్తుంది. జెరెమీ మాట్లాడుతుంటే వాడు మన కళ్ళలోకి సూటిగా చూస్తుంటాడు, ఎందుకంటే ఆ క్షణంలో మనం మార్క్ కళ్ళ వెనక ఉన్నాం. మొదట్లో కొన్ని దృశ్యాల కోసం కెమెరాను నటుల తలకే తగిలించారు. పైగా మనసులో అనుకునేదంతా మాటల్లో వినిపిస్తుంది. పైకి "అబ్బే, ఫర్వాలేదు" అంటున్న మనిషి లోపల ఎంత మండిపోతున్నాడో మన చెవిన పడుతూనే ఉంటుంది. వెనక నుంచి జనం నవ్వులు కలపలేదు. ఎక్కడ నవ్వాలో మనమే తేల్చుకోవాలి.

ఆ లోపలి గొంతే నన్ను పడేసింది.

అప్పుడు నేను లండన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఈస్ట్ హామ్‌లో ఇల్లు. లీజు తీసుకున్న సీనియర్ ఒకాయన గదుల్ని ఇద్దరికిద్దరికి ఇచ్చేవాడు, అందరం తెలుగువాళ్ళమే. నాతో గది పంచుకున్నవాడు కరీంనగర్ నుంచి వచ్చాడు, నాకంటే ఒక ఏడు చిన్న. నన్ను "అన్నా" అనేవాడు. రాత్రి షిఫ్టులో ఒక గోదాములో పార్ట్‌టైమ్ చేసి తెల్లవారుజామున వచ్చేవాడు. నేను రాజమండ్రివాణ్ణి. పదిన్నరకల్లా లైటు తీసేసే ఇంట్లో పెరిగాను. మా ఇద్దరి వేళలు ఒకదానికొకటి అడ్డమే తప్ప ఎక్కడా కలిసేవి కావు.

మా హాల్లో లాప్‌టాప్ పెట్టి అందరం కలిసి చూసిన వాటిలో 'పీప్ షో' ఒకటి. మా వయసువాళ్ళం చిన్నప్పుడు జెమినీలో 'అమృతం' చూసి పెరిగినవాళ్ళం. అందులో ఎన్ని తిప్పలు పడ్డా అమృతం మీదా ఆంజనేయులు మీదా మనకు ప్రేమే కలుగుతుంది. ఎపిసోడ్ అయ్యేసరికి మనసు తేలికపడుతుంది. 'పీప్ షో' అలా వదలదు. 2007 నాటి ఎపిసోడ్ ఒకటుంది. పడవ మీద సెలవులకు వెళ్ళినప్పుడు జెరెమీ పొరపాటున ఒకరి పెంపుడు కుక్కను చంపేస్తాడు. ఆ సంగతి బయటపడకుండా దాన్ని కాల్చేయబోతాడు. తీరా కుక్క తాలూకు మనుషులే ఎదురుపడితే, చేతిలో ఉన్నది వేరే మాంసమని నమ్మించడానికి ఆ కాలిన ముక్కను వాళ్ళ ముందే నములుతాడు. ఆ దృశ్యం రాగానే మా ఇంట్లో ఒకతను ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఇంకొకతను "ఇదేం కామెడీరా బాబూ, కడుపులో తిప్పేస్తోంది" అన్నాడు. కెమెరా ఊపుకి తల తిరుగుతోందని ఒకరు, వీళ్ళిద్దరిలో బాగుపడేవాడు ఒక్కడూ లేడని ఒకరు.

అభిప్రాయమంటే ఇలాగే ఉంటుంది, ఎవరికి తగిలింది వాళ్ళు చెబుతారు. నేను మాత్రం వాళ్ళందరినీ చిన్నచూపు చూశాను. అంత మోటు సన్నివేశాన్ని మొహం తిప్పుకోకుండా చూడగలగడం గొప్ప రసజ్ఞత అనుకున్నాను. తట్టుకోలేనివాడికి అర్థం కాలేదని తీర్మానించాను. అది తప్పు. ప్లేటు తీసుకుని లేచి వెళ్ళినవాడు ఆ దృశ్యాన్ని నాకంటే బాగా చూశాడు. అక్కడ కలగవలసింది అసహ్యమే. ఒక్క మాట ఒప్పుకోలేక మనిషి ఎంతదాకా వెళతాడో చూపించడానికే దాన్ని రాశారు. అసహ్యం కలగని నాకే అది అందలేదు.

బ్రిటన్‌లో కూడా దీన్ని మరీ ఎక్కువమంది చూడలేదు. వారం వారం ప్రేక్షకులు 10 లక్షలకు అటూ ఇటూ. మూడో సిరీస్ తరవాత ఆపేస్తారేమో అన్న పరిస్థితిలో డీవీడీల అమ్మకాలే నిలబెట్టాయి. 2008లో ఉత్తమ సిట్‌కామ్‌గా బాఫ్టా వచ్చింది. అమెరికావాళ్ళు 2005లో తమ పద్ధతిలో ఒక పైలట్ తీశారు, అందులో మార్క్‌గా జానీ గలెకీ నటించాడు. అది సిరీస్ దాకా పోలేదు. రెండేళ్ళకు అదే నటుడు 'ది బిగ్ బ్యాంగ్ థియరీ'లో లెనార్డ్‌గా ఇంకో విచిత్రమైన రూమ్మేటుతో వేగుతూ మన ఇళ్ళలోకి వచ్చాడు. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. లెనార్డ్ మనసు మనకు వినిపించదు, అందుకే వాణ్ణి ఇష్టపడటం సులువు. మార్క్ మనసు రోజంతా వినిపిస్తుంది. అయినా నేను వాణ్ణి ఇష్టపడ్డాను. ఇష్టపడటం కాదు, నమ్మాను.

ఎందుకు నమ్మాను? వాడి గొంతు నా గొంతులా ఉంది గనక. పుస్తకాలు చదివేవాడు, బిల్లు టైముకి కట్టేవాడు, గొడవంటే భయపడేవాడు, పక్కవాడి అలవాట్లకు లోలోపల కుతకుతలాడేవాడు. ఒక మనిషి కారణాలు పొద్దున్నుంచి రాత్రిదాకా చెవిలో పడుతుంటే అవి సబబుగానే తోస్తాయి. నాతో పోలిక ఉన్నంత మాత్రాన వాడిదే న్యాయమనుకున్నాను. వాడు మర్యాద కొద్దీ నోరు మూసుకుంటున్నాడని, తక్కినవాళ్ళు ఆ మర్యాదను వాడుకుంటున్నారని అనుకున్నాను.

కథలో ఏం జరిగిందో చూస్తే అది ఎంత గుడ్డి నమ్మకమో తెలుస్తుంది. మూడో సిరీస్ ఆఖర్న, 2005లో, ఆఫీసులో ప్రేమించిన సోఫీని పెళ్ళాడమని అడగడానికి మార్క్ ఉంగరం కొనుక్కుని సోమర్‌సెట్‌లోని క్వాంటాక్ కొండలకు వెళతాడు. అక్కడ దారి తప్పి తిరుగుతుండగా తనకు ఆ పెళ్ళి ఇష్టం లేదని తెలిసొస్తుంది. తిరిగొచ్చేసరికి సోఫీకి ఉంగరం కనబడింది, ఆమె సరేనంది. అప్పుడు కాదనడానికి వాడికి నోరు రాదు. మొహమాటం. 2007లో నాలుగో సిరీస్ ఆఖర్న పెళ్ళి రోజు. చర్చిలో పైన బాల్కనీలో జెరెమీతో కలిసి దాక్కుంటాడు. కింద జనం ఎదురుచూస్తుంటారు. కదిలితే దొరికిపోతారని జెరెమీ అక్కడే ప్యాంటు తడుపుకుంటాడు, అది కిందికి కారుతుంది. చివరికి మార్క్ దిగి వచ్చి పెళ్ళి చేసుకుంటాడు. ఇష్టం లేకుండానే. ఆ పెళ్ళి ముగిసీ ముగియకముందే సోఫీ వాణ్ణి వదిలి వెళ్ళిపోతుంది.

మొహమాటానికి పోతే కడుపైందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఈ కథలో అదీ అక్షరాలా జరుగుతుంది, తరవాత సిరీస్‌ల్లో సోఫీ కడుపుతో ఉంటుంది, తండ్రి మార్కా జెరెమీనా అన్నది కొన్నాళ్ళు తేలదు. ఈ మొత్తంలో మార్క్ ఒక్కసారి, క్వాంటాక్ కొండల కిందనే, "నన్ను క్షమించు, నాకు ఇష్టం లేదు" అని ఉంటే ఒక ఆడమనిషి బతుకు అలా చిక్కుపడేది కాదు. నేను దీన్ని కళ్ళారా చూసి కూడా "పాపం మార్క్" అన్నాను.

మా గదిలో నేను చేసిందీ ఇదే.

సరుకుల లెక్క రాసుకోవడానికి మాకు ఒక లాంగ్‌బుక్ ఉండేది. బియ్యం ఎవరు తెచ్చారు, పాలు ఎవరు తెచ్చారు, నెలాఖర్న ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి. దాని వెనక పేజీల నుంచి నేను ఇంకో లెక్క మొదలుపెట్టాను. మా వాడి తప్పులు. పొద్దున్నే లైటు వేశాడు. తలుపు దబ్బున వేశాడు. నా పెరుగు తిన్నాడు. అద్దె వారం ఆలస్యం. అన్నిటికంటే ఎక్కువసార్లు రాసింది రైస్ కుక్కర్ గురించి. వాడు తెల్లవారుజామున వచ్చి అన్నం వండుకుని, తిని, కుక్కర్ కట్టేయకుండా వార్మ్ మీద వదిలేసి పడుకునేవాడు. నేను లేచేసరికి ఆ చిన్న పసుపు దీపం వెలుగుతూ ఉండేది. చలికాలంలో కరెంటు బిల్లు ఎంతొస్తుందో అక్కడున్నవాళ్ళకు తెలుసు. నేను ఆ స్విచ్ కట్టేసి, పుస్తకంలో ఒక గీత పెట్టి, కుక్కర్‌లో వెచ్చగా మిగిలిన అన్నాన్ని డబ్బాలో సర్దుకుని, రాత్రి కూర కలుపుకుని కాలేజీకి పట్టుకెళ్ళేవాణ్ణి. రోజూ. సగం కుక్కర్ అన్నం ఎందుకు మిగులుతోందని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

వాడికి ఒక్క మాట చెప్పలేదు. ఎదురుపడితే "ఏం తమ్ముడూ, షిఫ్ట్ ఎలా ఉంది" అని నవ్వేవాణ్ణి. లోపల నా గొంతు వాడి మీద కేసు నడుపుతూనే ఉండేది. మిగతా గదులవాళ్ళతో మాత్రం "నేను మార్క్‌ని, నాకో జెరెమీ తగిలాడు" అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు.

రెండో సిరీస్‌లో, 2004లో వచ్చింది, ఒక కథ ఉంది. మార్క్‌కి డారిల్ అని కొత్త స్నేహితుడు దొరుకుతాడు. అభిరుచులు కలుస్తాయి. కొన్నాళ్ళకు డారిల్ జాతి ద్వేషం నరనరాన ఉన్నవాడని మార్క్‌కి అర్థమవుతుంది. అర్థమయ్యాక కూడా తెంచుకోవడానికి వెనకాడతాడు, చాలా రోజులకు దొరికిన స్నేహితుడాయె. ఆ కథ చూస్తూ నేను మార్క్ ఇబ్బందికి నవ్వాను. ఆ దేశంలో డారిల్ లాంటివాడి కంట పడేది నేనూ, నా రూమ్మేటూ. ఆ వైపు నుంచి చూడాలన్న ధ్యాసే రాలేదు, ఎందుకంటే కెమెరా మార్క్ కళ్ళలో ఉంది.

దాని తరవాత కొద్ది రోజులకు ఒక తెల్లవారుజామున మా వాడు వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. లైటు వేయలేదు. "అన్నా, లేషినవా?" అన్నాడు మెల్లగా. నాకు మెలకువ ఉంది. కళ్ళు మూసుకునే ఉన్నాను. ఇప్పుడు కూడా నిద్ర పాడు చేస్తున్నాడని లోపల పేజీలు నింపుకుంటున్నాను. వాడు కాసేపు కూర్చుని లేచి వంటింట్లోకి వెళ్ళాడు. నైట్ బస్సులో తాగినవాళ్ళు ఇద్దరు వాణ్ణి నానా మాటలూ అని, టోపీ లాగి పారేసి, మీ దేశానికి పొమ్మన్నారని తరవాత పక్కగది వాళ్ళ ద్వారా తెలిసింది. తెలిశాక కూడా నేను వాడి దగ్గర ఆ ఊసెత్తలేదు. ఊసెత్తితే ఆ పొద్దున నేను మేలుకునే ఉన్నానని చెప్పాల్సి వస్తుంది.

ఇది రాయడం కష్టంగా ఉంది.

చివరికి లీజు తీసుకున్న సీనియర్ దగ్గరికి వెళ్ళి, మా పిన్ని కొడుకు సెప్టెంబరు ఇంటేక్‌కి వస్తున్నాడు, మంచం కావాలి అని చెప్పాను. మా పిన్నికి కొడుకులే లేరు. ఆయన సరేనని మా వాడికి వేరే ఇల్లు చూసుకోమని చెప్పాడు. వాడు నన్ను ఏమీ అడగలేదు. "మంచిదే కదన్నా, ఇంటోళ్ళు తోడుంటే" అన్నాడు. వెళ్ళే ముందు తన బాకీ తేల్చుకుందామని లాంగ్‌బుక్ తెరిచాడు. వెనక నుంచి తెరిచాడు.

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాడు సూట్‌కేసు పక్కన పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. పుస్తకం ఒళ్ళో ఉంది. కోపంగా లేడు. "కుక్కర్ ముచ్చట ఇన్నిసార్లు రాసినవ్ అన్నా. నువ్వు పొద్దుగాల తినకుంట ఉరుకుతవని నీకు సుత బియ్యం పోసేది. సల్లారిపోతదని వార్మ్ల పెట్టేది" అన్నాడు. నేను ఏదో అనబోయాను. "నీ మనసుల ఏమున్నదో నాకెట్ల ఎరుకన్నా? ఒక్కపారన్న నోటితోని చెప్పినవా?" అని లేచాడు. వాడు వెళ్ళాక పుస్తకంలో చూస్తే పది పౌండ్ల నోటు ఉంది. పక్కన వాడి చేతిరాతతో 'కరెంటుకు' అని.

రాని తమ్ముడి మంచం ఖాళీగా ఉన్నన్నాళ్ళూ దాని అద్దె కూడా నేనే కట్టాను. అబద్ధం బయటపడుతుందని ఇంకొకరిని తీసుకోలేకపోయాను. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. వాడు అడిగిన ప్రశ్న 'పీప్ షో' మొత్తం మీద ఎవరైనా అడగగలిగిన ఒకే ఒక్క సరైన ప్రశ్న. ఆ హాల్లో మాతో కలిసి వాడు చూసింది ఒకటో రెండో ఎపిసోడ్లు. అప్పుడే అన్నాడు కూడా: "ఇద్దరు ఒక్కటే అన్నా. ఒగడు మంచోని లెక్క కనవడుకుంట మోసం జేస్తడు, ఒగడు కనవడుకుంటనే చేస్తడు." నేనది వినీ విననట్టు ఊరుకున్నాను. ఇంగ్లిష్ యాస సరిగా అందక అలా అంటున్నాడనుకున్నాను. అన్ని సిరీస్‌లూ రెండేసిసార్లు చూసిన నాకు తట్టనిది వాడికి అరగంటలో తట్టింది.

హైదరాబాద్ వచ్చాక, పెళ్ళయ్యాక, నా భార్యతో కలిసి మళ్ళీ మొదటి నుంచి చూశాను. సోఫీ వేషం వేసింది ఒలీవియా కోల్మన్, 'ది ఫేవరెట్' సినిమాకు 2019లో ఆస్కార్ అందుకున్న ఆవిడే. నా పాత అభిప్రాయం ఏమిటంటే, సోఫీ మొదట్లో మంచి అమ్మాయి, పోనుపోను తాగుడూ చిరాకూ పెరిగి గయ్యాళి అయిపోతుంది అని. ఆ మాటే మా ఆవిడతో అన్నాను. ఆమె టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా, "ఆ అమ్మాయి మనసులో మాట మనకు ఎందుకు వినిపించట్లేదండీ?" అంది.

నిజమే. 54 ఎపిసోడ్లలో మనసు వినిపించేది ఇద్దరిదే. సోఫీ ఏమనుకుంటోందో, తరవాత వచ్చే డాబీ ఏమనుకుంటోందో, ఆఫీసులో మార్క్ దేవుడిలా చూసే జాన్సన్ ఏమనుకుంటున్నాడో మనకు ఒక్క ముక్క వినపడదు. వాళ్ళను మనం ఎక్కువగా మార్క్, జెరెమీల కళ్ళతోనే చూస్తాం. ఆ ఇద్దరూ ఎదుటి మనిషిని సరిగా చూడరు. కాబట్టి సోఫీ గయ్యాళిగా కనిపిస్తే అది మార్క్ చూపు. ఇష్టం లేని మనిషిని చేసుకుని, ఆ సంగతి ఆమెకు చెప్పకుండా, ఆమె చిరాకు పడిందని గొణిగేవాడి చూపు. కోల్మన్ ఆ పాత్రలో ఎంత పని చేసిందో అప్పుడు కనిపించింది. లోపలి గొంతు సాయం లేకుండా మొహంతోనే అంతా చెప్పాలి. చర్చిలో ఆమె మొహం చూడండి. మార్క్‌కి ఆ మొహం అడ్డంకిలా కనిపిస్తుంది. మనం కాస్త పట్టించుకుంటే అక్కడ తెలిసి తెలిసి మోసపోతున్న మనిషి కనిపిస్తుంది.

రచయితలు ఎవరినీ తప్పించలేదు. 2010 క్రిస్మస్ ఎపిసోడ్‌లో టర్కీ కోడి గురించి జెరెమీ మీద మార్క్ అరిచిన అరుపు చాలామందికి ఇష్టం. ఇన్నాళ్ళూ లోపల పెట్టుకున్నదంతా అంత చిన్న విషయం మీద బద్దలవుతుంది. దాన్ని నేను విజయంగా చూశాను, ఎట్టకేలకు నోరు విప్పాడని. ఇప్పుడు చూస్తే అది నోరు విప్పడం కానే కాదు. చెప్పవలసినప్పుడు చెప్పని మనిషి చెప్పకూడనప్పుడు కక్కడం. 2015లో ఆఖరి ఎపిసోడ్ ముగిసేసరికి ఇద్దరూ అదే ఫ్లాటులో, అదే సోఫా మీద ఉంటారు. జెరెమీని ఎలాగైనా వదిలించుకోవాలని మార్క్ లోపల అనుకుంటూ ఉండగానే కథ అయిపోతుంది. పన్నెండేళ్ళ తరవాత కూడా ఆ మాట లోపలే ఉంది. మొదటిసారి చూసినప్పుడు దానికి నవ్వినవాణ్ణి, ఈసారి నవ్వలేకపోయాను.

ఇంత జరిగినా ఈ కామెడీ బూతు, ఇళ్ళల్లో చూడదగింది కాదు అని కొట్టేసేవాళ్ళతో నేను ఏకీభవించను. మోటుగా ఉంటుంది, పిల్లల ముందు పెట్టుకునేది కాదు. కానీ మనిషి తనతో తాను ఎంత అబద్ధమాడుకుంటాడో ఇంత నిజాయితీగా చూపించిన టీవీ కథ నాకు ఇంకొకటి తెలియదు. తప్పు చూపులో ఉంది. నేను వాణ్ణి చూసి నేర్చుకోవాల్సింది పోయి, వాడిలో నన్ను చూసుకుని మురిసిపోయాను.

మా ఆవిడ అడిగిన ప్రశ్న తరవాత కొన్ని రోజులు నిద్ర పట్టలేదు. పాత స్నేహితుల దగ్గర నంబరు సంపాదించి మా వాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు కరీంనగర్‌లోనే సొంత వ్యాపారం, ఇద్దరు పిల్లలు. లేని తమ్ముడి సంగతి చెప్పాను. "ఎరుకేనన్నా. సెప్టెంబర్ల ఎవ్వరు రాలేదని అప్పుడే చెప్పిన్రు" అన్నాడు. ఆ పొద్దున మంచం మీద మేలుకునే ఉన్నానని కూడా చెప్పాను. అది వాడికి తెలియదు. అవతల చాలాసేపు మాట లేదు. నేను ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టేయలేదు. ఆ రోజు బస్సులో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాడు, అప్పుడు చెబుదామనుకున్నదంతా. నేను మధ్యలో అడ్డు రాకుండా విన్నాను.

తరవాత తనే మాట మార్చాడు. లాక్‌డౌన్‌లో కూర్చుని 'పీప్ షో' మొత్తం చూశాడట. అందులో వాడికి నచ్చింది సూపర్ హాన్స్. జెరెమీతో బ్యాండ్ నడిపే మనిషి, మత్తుమందులకు అలవాటుపడినవాడు, ఎప్పుడు ఏం చేస్తాడో ఎవరికీ తెలియనివాడు. మ్యాట్ కింగ్ వేశాడు. "గాడొక్కడే అన్నా, మనసుల ఏదుంటే గదే అంటడు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. హాన్స్ మనసు కూడా మనకు వినపడదు, వాడు అనేది మనసులో మాటేనని మనకెలా తెలుసు అన్నాను. "నువ్వింకా మార్క్ లెక్కనే మాట్లాడుతున్నవ్" అని వాడు గట్టిగా నవ్వాడు. సంక్రాంతికి కరీంనగర్ రమ్మన్నాడు. నాలుగో సిరీస్ కలిసి చూద్దామన్నాడు. కుక్క ఎపిసోడ్ మాత్రం అన్నాలు తిన్నాక పెడదామన్నాను. తినకముందే పెట్టాలని వాడి పట్టు.